తిరుపతి కార్యాలయాల్లో ఫ్రెంచి వ్యాకరణం: ఒక విన్నపం

తిరుపతిలో ప్రభుత్వ పనులన్నీ ఇకమీదట ఫ్రెంచి వ్యాకరణం ప్రకారం జరగాలని సంబంధిత అధికారులను సవినయంగా కోరుతున్నాను. ఫ్రెంచి భాష మొత్తం అక్కర్లేదు. అంత భారం ఎవరి మీదా పెట్టను. ఒక్క కాలం చాలు. దాని పేరు ఫ్యూత్యూర్ ఆంతేరియర్. రేపు ఒక పని మొదలయ్యే సమయానికి ఇంకో పని అప్పటికే పూర్తయిపోయి ఉంటుందని చెప్పే క్రియారూపం అది.

దీన్ని నా చెవిన వేసింది మా వీధిలో ఇంటర్ చదివే పిల్లవాడు. మార్కులొస్తాయని ద్వితీయ భాషగా ఫ్రెంచి తీసుకున్నాడు. పరీక్షల ముందు మిద్దెమీద అటూ ఇటూ తిరుగుతూ "జోరే ఫినీ, త్యూ ఓరా ఫినీ, ఈల్ ఓరా ఫినీ" అని వల్లె వేస్తుంటే, కింద బియ్యం ఏరుకుంటున్న వాళ్ళవ్వ "ఎవురిని రా, ఓరా ఓరా అని పిలస్తా ఉండావు? పెద్దోళ్ళు వింటే ఏమనుకుంటారు?" అని కోప్పడింది. పాపం వాడు ఎవరినీ పిలవడం లేదు. నేను ముగించి ఉంటాను, నువ్వు ముగించి ఉంటావు, అతను ముగించి ఉంటాడు అంటున్నాడు. సిలబస్ గురించి అయితే ఆ మూడూ అబద్ధాలే, అది వేరే సంగతి.

దీని నిర్మాణం కష్టమేమీ కాదు. సహాయక క్రియ ఒకటి ముందు నిలబడుతుంది. అది భవిష్యత్తులో ఉంటుంది. దాని వెనక అసలు క్రియ, పని అయిపోయిన రూపంలో వస్తుంది. అంటే వాక్యంలో సగం రేపు, సగం నిన్న. ఇవాళ ఏం చేస్తున్నారన్న ప్రశ్నకు అందులో చోటు లేదు. ఇది వినగానే మన నాయకులు ముచ్చటపడతారని తెలుసు. తొందరపడొద్దని మనవి. ఈ కాలానికి ఒక కఠినమైన షరతుంది. రెండు పనుల్లో ఏది ముందు అయిపోవాలో, ఏది తరువాత మొదలవ్వాలో తేల్చి చెప్పకుండా వాక్యం కదలదు. "నువ్వు హోంవర్క్ ముగించాక ఆడుకోవడానికి వెళ్ళొచ్చు" అని పిల్లవాడికి చెప్పాలన్నా ఫ్రెంచి తల్లి ముందు పనిని ఈ కాలంలో పెట్టి, తరువాతి పనిని మామూలు భవిష్యత్తులో పెడుతుంది. వరుస తప్పితే వ్యాకరణమే ఒప్పుకోదు.

మన దగ్గర ఏ వాక్యమైనా నడుస్తుంది. "అవుతుంది సార్" అంటే చాలు, క్రియ ఉంది, గౌరవం ఉంది, పూర్ణవిరామం ఉంది. ఏ పని తరువాత అవుతుంది, దేనికంటే ముందు అవుతుంది అని అడిగినవాడే చదువురానివాడు. అందుకే మన వీధుల్లో ముందు రోడ్డు వేస్తారు. తారు ఆరీ ఆరకముందే మంచినీళ్ళ పైపు కోసం తవ్వుతారు. అది పూడ్చాక డ్రైనేజీ వాళ్ళకు గుర్తొస్తుంది. డ్రైనేజీ మూత పెట్టాక కేబుల్ వాళ్ళు గునపాలతో దిగుతారు. ఇదే పనిని ఫ్రెంచిలో ఎస్టిమేట్ రాసివ్వమంటే ఏమవుతుందో ఊహించండి. "రోడ్డు వేసేనాటికి పైపులు వేసేసి ఉంటాం" అని రాసి తీరాలి. లేకపోతే వాక్యం కుదరదు. వాక్యం కుదరకపోతే బిల్లు పాసు కాదు. ఒక్క సహాయక క్రియతో ఇంత విజిలెన్స్ ఏ శాఖ చేయగలదు?

2015లో స్మార్ట్ సిటీ మిషన్ మొదలైనప్పుడు ఐదేళ్ళ పథకం అన్నారు. మన తిరుపతి 2016లో జాబితాలోకి వచ్చింది. ఆ ఐదేళ్ళు సాగి సాగి 2025 మార్చి 31 దాకా వచ్చాయి. మామూలు భవిష్యత్తులో రాసిన పథకాలకు ఈ సాగే గుణం సహజం.

నా ప్రతిపాదనకు మొదటి అభ్యంతరం సంస్కృత పండితుల నుంచి వచ్చింది. జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం ఉన్న ఊళ్ళో పారిస్ నుంచి కాలం దిగుమతి చేసుకోవడమేమిటని ఒక పెద్దాయన నొచ్చుకున్నారు. పాణిని దగ్గర లేనిదేముందన్నారు. నిజమే, ఆయన దగ్గర భవిష్యత్తుకు రెండు లకారాలున్నాయి, అంటే క్రియ ఏ కాలానిదో చెప్పే రూపాలు. లృట్ మామూలు భవిష్యత్తు. లుట్ ఉంది చూశారూ, అది అనద్యతన భవిష్యత్తు. ఏదో ఒకరోజు జరుగుతుంది, ఆ రోజు మాత్రం ఇవాళ కాదు. రెండున్నర వేల ఏళ్ళ కిందట, అర్జీ, సెక్షన్, కౌంటరు ఏవీ లేని రోజుల్లో ఆ మహానుభావుడు దాన్నెలా కనిపెట్టాడో తెలియదు. మన కార్యాలయాలన్నీ ఇప్పటికే లుట్‌లో నడుస్తున్నాయి కాబట్టే మార్పు కోరుతున్నానని ఆయనకు సర్దిచెప్పాను.

రెండో అభ్యంతరం, ఫ్రెంచి యానాం వాళ్ళకైతే నప్పుతుంది, కొండకింది వాళ్ళకెందుకు అని. యానాం 1954 దాకా ఫ్రెంచి వాళ్ళ చేతిలో ఉన్నమాట వాస్తవమే. ఆ ఏడాదే తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం పుట్టింది. ఒక తెలుగు ఊరు ఫ్రెంచి వాళ్ళను సాగనంపుతుంటే ఇంకో తెలుగు ఊరు చదువుకు కూర్చుంది. ఇందులో దైవసంకల్పం చూడలేనివాళ్ళతో నాకు వాదన లేదు.

అసలు ఈ కాలం తిరుపతి కోసమే పుట్టిందనడానికి గట్టి సాక్ష్యం సహాయక క్రియల్లోనే ఉంది. ఎక్కువ క్రియలకు అవ్వార్, అంటే 'కలిగి ఉండటం', తోడు వెళ్తుంది. కొద్దిపాటి క్రియలకు మాత్రం ఎత్ర్, అంటే 'ఉండటం', తోడు రావాలి. ఆ కొద్దిపాటివి ఏవంటారు? వెళ్ళడం, రావడం, బయల్దేరడం, చేరుకోవడం, ఎక్కడం, దిగడం, పుట్టడం, పోవడం. బిడ్డ పుట్టాక కొండెక్కుతామని మొక్కుకునే మనుషుల జీవితం మొత్తం ఈ జాబితాలోనే ఉంది. ఇంగ్లీషు పిల్లలు దీన్ని గుర్తుపెట్టుకోవడానికి, ఆ క్రియల మొదటి అక్షరాలతో అల్లిన వాండర్‌ట్రాంప్ అనే లేని డాక్టరమ్మ పేరు బట్టీపడతారు. మనకు ఆ అవస్థ లేదు. అలిపిరి బస్టాండులో ఓ గంట కూర్చుంటే జాబితా మొత్తం సంచులతో సహా కళ్ళముందే నడిచిపోతుంది.

ఇంకా సూక్ష్మం ఉంది. ఎక్కడం అనే క్రియ రెండు విధాలు. "కొండపైకి ఎక్కి ఉంటాను" అన్నట్టు ఊరికే పైకి చేరితే ఎత్ర్. "మెట్లను ఎక్కి ఉంటాను" అని కర్మపదం పెట్టి చెప్తే అవ్వార్. అంటే అలిపిరి దారిలో 3550 మెట్లెక్కి, మోకాళ్ళ పర్వతం దగ్గర ప్రాణాలు ఉగ్గబట్టుకుని పోయినవాడికి ఒక సహాయక క్రియ, ఏసీ కారులో ఘాట్ రోడ్డు మీద పోయినవాడికి ఇంకొకటి. నడకదారి భక్తుడికి వ్యాకరణంలో విడి గుర్తింపు ఇచ్చిన భాష నాకు తెలిసి ఇదొక్కటే. శ్రీవారి మెట్టు నుంచి వచ్చేవాళ్ళకు 2388 మెట్లే కదా, వాళ్ళకు కొంత రాయితీ ఉండాలా అన్నది నిపుణులు తేల్చాలి.

ఎత్ర్‌తో వెళ్ళినప్పుడు కర్త స్త్రీ అయితే క్రియ చివర ఒక అక్షరం అదనంగా చేరుతుంది. కాగితం మీద ఉంటుంది, పలికేటప్పుడు మాత్రం చాలావరకు వినబడదు. ఈ సూత్రం ఒంటపట్టడం లేదని ఆ ఇంటర్ పిల్లవాడు వాపోయాడు. మన పల్లెల్లో మహిళా సర్పంచుల ఏలుబడి చూసినవాడికి ఇది అర్థం కాకపోవడమేమిటని నాకు ఆశ్చర్యమేసింది. బోర్డు మీద అమ్మగారి పేరు, మైకులో అయ్యగారి గొంతు. రిజర్వేషన్ సగం సీట్లకు వచ్చింది గానీ ఉచ్చారణకు ఇంకా రాలేదు.

పెద్ద లక్ష్యాలకు కూడా ఈ కాలం పనికొస్తుంది. 2030 నాటికి 30,000 మంది భారతీయ విద్యార్థులను చేర్చుకుంటామని ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ 2024లో ప్రకటించారు. ఏడాది చెప్పారు, లెక్క చెప్పారు, 2031లో నిలదీసి అడగొచ్చు. మనవాళ్ళూ 2047 అని ఏడాది చెప్తున్నారు, కాదనను. అప్పటికి దేశమూ, రాష్ట్రమూ అభివృద్ధి చెంది ఉంటాయి. నేను మాత్రం ఎత్ర్ జాబితాలోని చివరి క్రియ దగ్గర ఉంటాను. మాట ఇచ్చినవాళ్ళలో చాలామంది కూడా అక్కడే కలుస్తారు. అడిగేవాడూ చెప్పేవాడూ ఒకే క్రియలో ఉంటే ఇక నిలదీయడమెక్కడ?

ఇంతా చెప్పాక ఒక రహస్యం దాచలేను. ఫ్రెంచి వాళ్ళు ఈ కోటకు వెనకవైపు ఒక చిన్న తలుపు వదిలేశారు. ఇదే రూపాన్ని జరిగిపోయినదాని మీద ఊహకూ వాడతారు. స్నేహితుడు ఇంకా రాలేదనుకోండి, "బస్సు తప్పిపోయి ఉంటుంది" అనడానికి ఇదే కాలం. అంటే ఒకే వాక్యం ఒకచోట హామీ, ఇంకోచోట అంచనా. "పైపులు వేసేసి ఉంటాం" అన్నది రేపటి మాటా, లేక వేశారో లేదో తెలియక చెబుతున్న నిన్నటి మాటా అన్నది చెప్పేవాడి మొహం చూసి పోల్చుకోవాలి. ఈ సంగతి అధికారుల దాకా పోకుండా చూడాలనుకుని నా విన్నపంలో ఆ ఒక్క పేరా రాయలేదు.

విన్నపాన్ని ఊళ్ళోని ఒక కార్యాలయంలో ఇచ్చాను. కొన్నాళ్ళు ఆగి, ఏమైందో కనుక్కుందామని వెళ్ళాను. సీట్లో ఉన్నాయన ఫోనులోంచి తల ఎత్తకుండానే "సార్ చూసే ఉంటారు" అన్నాడు. తరువాత? "సెక్షనుకు పంపించే ఉంటారు." మరి జవాబు? "వాళ్ళు రాసేసే ఉంటారు సామీ, పోస్టులో పడుంటుంది."

అక్కడే నిలబడి ఒక్కో వాక్యాన్నీ విడదీసి చూసుకున్నాను. పూర్తయిన క్రియ ఉంది, దాని పక్కన భవిష్యత్తులో సహాయక క్రియ ఉంది. చూడటం ముందు, పంపడం తరువాత, రాయడం ఆ తరువాత, వరుస ఎక్కడా చెదరలేదు. ఒక్క మార్కు కూడా తగ్గించడానికి లేదు.

వచ్చే మంగళవారం ఒకసారి రమ్మన్నాడు. అది మాత్రం లుట్.