ఎస్‌ఎంపీఎస్‌కి ఒక్క ముక్కేనా?

కంప్యూటర్ భాగాల గురించి మీరు రాసిన వ్యాసం చాలా బాగుందండీ. కరెంటు పోతే ర్యామ్‌లో ఉన్నది చెరిగిపోతుందని, హార్డ్ డిస్క్‌లో ఉన్నది నిలుస్తుందని పిల్లలకు కూడా అర్థమయ్యేలా రాశారు. కానీ ఎస్‌ఎంపీఎస్‌ని (స్విచ్డ్ మోడ్ పవర్ సప్లైని) మాత్రం 'కరెంటు సరఫరా చేసే పెట్టె' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. శ్రీకాకుళంలో కంప్యూటర్లు బాగుచేసేవాడిగా నాకది పెద్ద లోటనిపించింది.

గోడ ప్లగ్గులోంచి వచ్చే 230 వోల్టుల ఏసీని 12, 5, 3.3 వోల్టుల డీసీగా మార్చేది అదే. మదర్‌బోర్డు, డిస్కు, ఫ్యాన్లు అన్నీ దాని మీదే నడుస్తాయి. మా పల్లెల్లో వోల్టేజీ ఎగుడుదిగుళ్లు ఎక్కువ. కళింగపట్నం, భావనపాడు వైపు అయితే ఉప్పుగాలి కూడా తోడు. విప్పితే దుమ్ము చెమ్మకి అట్టకట్టి, కెపాసిటర్ల (కరెంటును కాసేపు నిలవ ఉంచే చిన్న డబ్బాల్లాంటి భాగాల) నెత్తి ఉబ్బి కనిపిస్తుంది. అలాంటప్పుడు కంప్యూటర్ పని మధ్యలో దానంతటదే ఆగి మళ్లీ మొదలవుతుంది. జనం వైరస్ అనుకుని విండోస్ మళ్లీ వేయిస్తారు. డబ్బు దండగ!

క్యాబినెట్‌ని ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటోందా? చాలాసార్లు అది ప్లగ్గులో ఎర్తింగ్ లేకపోవడమే. ముందు ఎలక్ట్రీషియన్ని పిలవండి.

ఇంకొకటి, ఎస్‌ఎంపీఎస్ పెట్టెని ఇంట్లో మీరే విప్పకండి. ప్లగ్గు పీకేశాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో షాక్ కొట్టేంత కరెంటు కాసేపు నిలిచే ఉంటుంది. ఈ మాట దయచేసి వ్యాసంలో చేర్చండి.