సవరణ: సాకే సీసా మీది శాతం పోయిన బియ్యానిది కాదు, మిగిలినదానిది

సాకే (జపాన్ బియ్యపు మద్యం) రుచి గురించి మొన్న పెట్టిన పోస్టులో, సీసా మీద ‘సెయిమై బుఆయి (బియ్యం పాలిష్ శాతం) 60%’ అని ఉంటే గింజలో 60 శాతం పాలిష్‌లో పోయినట్టు అని రాశాను. అది తప్పు. మిగిలింది 60, పొడిగా పోయింది 40. జపాన్ జాతీయ పన్నుల సంస్థ లేబుల్ నిబంధనల్లో లెక్క ఇదే: గింజో అనే మేలు రకం అనాలంటే 60 శాతం, అంతకన్నా మేలైన దైగింజో అనాలంటే 50 శాతం మించి మిగలకూడదు. వట్టి జున్‌మైకి (విడిగా ఆల్కహాల్ కలపని సాకే) 2004 నుంచి ఈ పరిమితి లేదు. 80 శాతం సీసాలు కనిపించేది అందుకే.

దీనివల్ల తిండి జత కూడా తారుమారైంది. 80 శాతం సీసాను బాగా పాలిష్ పట్టిందిగా లెక్కేసి, చల్లగా, తెల్ల చేప సాషిమీతో (పచ్చి చేప ముక్కలు) తాగమన్నాను. గింజ పైపొరల్లోని ప్రొటీన్ ఎక్కువగా మిగలడంతో అలాంటి సాకే సాధారణంగా చిక్కగా, ఉమామీతో (పుట్టగొడుగుల్లో, మాంసంలో ఉండే లాంటి కమ్మటి రుచి) బరువుగా ఉంటుంది. చేప రుచి దాని కింద నలిగిపోతుంది. ఆ సాకేను తొక్కురిలో (సన్నమెడ సాకే కూజా) పోసి, స్టవ్ కట్టేశాక వేడినీళ్లలో నిలబెట్టి 45 డిగ్రీల దాకా వెచ్చచేయండి. నీళ్లు మరుగుతుండగా పెడితే వాసన ఎగిరిపోయి ఆల్కహాల్ ఘాటే మిగులుతుంది. మిసోలో (పులియబెట్టిన సోయా ముద్ద) ఉడికించిన సాబా చేప (మన కానాగంతకు దగ్గరి చుట్టం), కాల్చిన షీటాకే పుట్టగొడుగులు దానికి సరిజోడు. సాషిమీకైతే 10 డిగ్రీల దగ్గర చల్లబరిచిన తేలికపాటి గింజో చాలు. పళ్లవాసన గుప్పుమనే దైగింజో చేపను మింగేస్తుంది.