గట్టు మీది పాము

కనుమ మర్నాడు కోనసీమలో కొత్తల్లుడు చేను చూడ్డానికి బయల్దేరాడు. దాళ్వాకి దమ్ము చేసిన చేలు, పచ్చి మట్టి పూసిన గట్లు. ఒంటి మీద పట్టుపంచె, చేతిలో చెప్పులు. వెనక బావమరిది: కాకినాడలో మెడిసిన్ రెండో ఏడు, ఎనాటమీ గట్టెక్కి ఎక్కువ రోజులు కాలేదు.

ఎడం అరికాల్లో తుమ్మముల్లు దిగింది. ఆ తర్వాత జరిగినదాంట్లో అల్లుడి ప్రమేయం ఏమీ లేదు.

ముల్లు కబురు తొడ వెనక సయాటిక్ నరం పట్టుకుని మీటరు దూరం ఎక్కి వెన్నుపాముని చేరింది. అరికాలి వ్యవహారాలు చూసే భాగానికి పేరు త్రికాస్థిది, అంటే నడుం కింద పిరుదుల మధ్య ఎముకది, ఉండేది మాత్రం నడుం మొదట్లో. వెన్నుపాము మొత్తం 45 సెంటీమీటర్లు, అటూ ఇటూగా. ఒకటో రెండో నడుం పూస దగ్గరే అయిపోతుంది. ఆ కింద వేలాడేదంతా గుర్రపుతోకలాంటి నరాల కుచ్చు. ఊరు ఒక మండలంలో, తాసిల్దారు కచేరీ పక్క మండలంలో ఉన్నట్టన్నమాట.

అర్జీ వెన్నుపాము వెనకవైపు నరం వేరులోంచి లోపలికెళ్లింది. లోపలి బూడిదరంగు పదార్థంలో నాలుగు నాడీకణాలు చెవులు కొరుక్కున్నాయి. ముందువైపు వేరులోంచి ఉత్తర్వు బయటికొచ్చింది. మెదడు సంతకం అక్కర్లేదు. సెకనులో పదోవంతు అయిందో లేదో, తుంటి, మోకాలు, చీలమండ ముడుచుకుని ఎడంకాలు గాల్లోకి లేచింది.

ఒంటికాలి మీద మనిషి పడతాడు కదా? ఆ జాగ్రత్తా వెన్నుపాముకి ఉంది. అదే ఊపులో అవతలి పక్కకి ఇంకో ఉత్తర్వు: కుడికాలు కర్రలా బిగించు. క్రాస్‌డ్ ఎక్స్‌టెన్సర్ రిఫ్లెక్స్ అంటారు దీన్ని. ఎండిన నేల మీద అమోఘమైన ఏర్పాటు. కానీ పచ్చి గట్టుని చూసిన కళ్లు ఆ సంగతి మెదడుకి చెప్పాయి గానీ వెన్నుపాముకి చెప్పలేదు. బిగిసిన కాలు ఎంత గట్టిగా తన్నిందో అంత సాఫీగా జారింది.

మెదడుకి కబుర్లు రెండు దార్లలో వచ్చాయి. నొప్పిది వెన్నుపాములోనే కుడిపక్కకి దాటి పైకెక్కింది. కాలు ఎక్కడుందో చెప్పేది ఎడంపక్కనే వెళ్లి, మెదడు కాండంలో దాటింది. రెండూ అందేసరికి మెదడుకి మిగిలిన పని రెండు చేతులూ చాపి "అమ్మోయ్" అనడమే. సలుపు మోసే సన్నతీగలు సెకనుకి మీటరు చొప్పున నడిచే పాసింజరు బళ్లు. ఆ నొప్పి అల్లుడు బురదలో సర్దుకుని కూర్చున్నాక దిగింది.

పొద్దున ఇదే అల్లుడు పొగలుకక్కే కాఫీ స్టీలు గ్లాసుని మావగారి ఎదుట నవ్వుతూ పట్టుకున్నాడు. అక్కడా వేళ్లు వదిలెయ్యాలనే చూశాయి. కాకపోతే మెదడు ముందే కాచుకుని పైనుంచి "వదిలావో, పరువు పోతుంది" అని అణిచిపెట్టింది. ముల్లు అంత వ్యవధి ఇవ్వలేదు.

బావమరిది ముల్లు లాగి చుట్టూ గట్టిగా రుద్దాడు. స్పర్శని మోసే లావు తీగలు వెన్నుపాము గుమ్మంలో నొప్పికి అడ్డం పడతాయని మెల్‌జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు 1965లో ప్రతిపాదించారు. తర్వాత ఆ సిద్ధాంతానికి మరమ్మతులు జరిగినా, రుద్దితే హాయిగా ఉంటుందన్న ముక్క మాత్రం మామ్మలకి ఎప్పట్నుంచో తెలుసు.

ఇంటికి చేరేసరికి అత్తగారు గుమ్మంలోనే ఉన్నారు. "అయ్యో, ఏవైందండీ అల్లుడుగారూ?"

"బావగారి తప్పేం లేదమ్మా," అన్నాడు బావమరిది. "అంతా వెన్నుపామే చేసింది."

నూతి దగ్గరున్న మామ్మగారికి చివరి సగమే వినబడింది. క్షణంలో పాలేరు కర్ర తీశాడు, పక్కింటాయన గునపంతో వచ్చాడు. పడక్కుర్చీలో మావగారు పేపరు దించి, "ఎంత పొడుగుందిరా?" అన్నారు.

"45 సెంటీమీటర్లుంటుంది నాన్నా."

"పిల్లపామే. తల్లి అక్కడే ఉండుంటుంది," అంటూ ఆయన చెప్పులు వెతుక్కున్నారు.