ఎండిన బోరు లెక్కలోకి రాదు

2002 నుంచి 2013 మధ్య దక్షిణ భారతంలో భూగర్భ జలం ఏటా ఒకటి రెండు సెంటీమీటర్ల చొప్పున పెరిగిందట. ఇది ఎవరో వాట్సాప్‌లో తిప్పిన మాట కాదు. ఐఐటీ గాంధీనగర్ పరిశోధకులు మరికొందరితో కలిసి 2017లో నేచర్ జియోసైన్స్ పత్రికలో అచ్చువేసిన ఫలితం. ఉత్తరాదిన తగ్గింది, దక్షిణాదిన పెరిగింది అన్నారు. సరిగ్గా ఆ ఏళ్లలోనే జనగామ, బచ్చన్నపేట, రఘునాథపల్లి వైపు ఏ రైతును కదిలించినా అప్పుల సంగతి ఫెయిలైన బోరుతోనే మొదలయ్యేది. ఒకటి ఎండితే రెండోది పోయించడం, అదీ ఎండితే పుస్తెలు కుదువబెట్టి మూడోది. నీళ్లు పెరిగిన కాలంలో ఇన్ని బోర్లు ఎందుకు ఎండాయి?

జవాబు రెండేళ్లలో వచ్చింది. తేజస్వి హోరా, వీణా శ్రీనివాసన్, నందితా బసు 2019లో జియోఫిజికల్ రీసెర్చ్ లెటర్స్ పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశారు. దక్షిణ భారత రైతు కళ్లముందు జరుగుతున్నది ఒకటి, లెక్కలు చెప్పేది ఇంకొకటి ఎందుకైందో అందులో విప్పి చూపించారు. నీటిమట్టం కొలిచే బావి ఎండిపోతే ఆ రోజు కొలత ఉండదు. కొలతలు మధ్యలో తెగిపోయిన బావిని, వరుస రికార్డు లేదు కాబట్టి, విశ్లేషణలోంచి తీసేస్తారు. మిగిలేవి నీళ్లున్న బావులే. వాటి సగటు కట్టి, జలం పెరిగింది అంటారు. ఫెయిలయ్యేలా ఉన్న పిల్లలకు ముందే టీసీ ఇచ్చి పంపి, నూటికి నూరు శాతం పాస్ అని ఫ్లెక్సీ కట్టే కాలేజీ లెక్క ఇది.

నా దృష్టిలో గడిచిన పదేళ్లలో మన నేల గురించి వచ్చిన పరిశోధనల్లో దీనికి మించింది లేదు. దీన్ని తెలంగాణలో ఎవరూ సీరియస్‌గా తీసుకోలేదు. తీసుకుంటే చేయాల్సిన పని కళ్లముందే ఉంది: ఎండిన బోరును కూడా లెక్కలోకి తేవాలి. పోసిన ప్రతి బోరు వివరం చట్టప్రకారం రాయించి, అందరికీ కనబడేలా పెట్టాలి.

ఉపగ్రహాలున్నాయి కదా అనేవాళ్లుంటారు. 2002లో పైకి పోయిన గ్రేస్ ఉపగ్రహాల జంట 2017 దాకా పనిచేసింది; 2018లో దాని స్థానంలో వెళ్లిన కొత్త జంట కూడా అలాగే భూమి ఆకర్షణలో తేడాలను పట్టి నీటి బరువును అంచనా కడుతుంది. అద్భుతమైన పనే, కాదనను. కానీ దాని చూపు కొన్ని వందల కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంటుంది. దేవరుప్పుల మండలం దానికి కనబడదు. మన రాజకీయం కూడా అలాంటి దూరపు చూపుతోనే నడుస్తోంది. మిషన్ కాకతీయతో మట్టం పెరిగిందని ఒకరు, మేడిగడ్డ కుంగాక పడిపోయిందని ఇంకొకరు, నాలుగు వానలు పడగానే మా హయాంలో పెరిగిందని మరొకరు. అందరి చేతిలోనూ ఒకటే కాగితం, రాష్ట్ర సగటు నీటిమట్టం ఇన్ని మీటర్లు అని. 2024 యాసంగిలో ఎండిన వరి మళ్ల గట్ల మీద నిలబడి మాట్లాడిన నాయకులకు, ఆ మడి కింద ఏముందో చెప్పే కాగితం మాత్రం ఎవరూ ఇవ్వలేకపోయారు.

మడి కింద ఏముందో చెప్పగలిగే శాస్త్రం లేక కాదు. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్జీఆర్ఐ, ఫ్రాన్స్ భూగర్భ సర్వే సంస్థ బీఆర్‌జీఎం కలిసి రంగారెడ్డి జిల్లా మహేశ్వరం దగ్గర 53 చదరపు కిలోమీటర్ల వాటర్‌షెడ్‌లో, తర్వాత చౌటుప్పల్ ప్రయోగ క్షేత్రంలో ఏళ్ల తరబడి పనిచేశాయి. బోర్లలోకి ఫ్లో మీటర్లు దించి, నీళ్లు ఏ లోతులో వచ్చి చేరుతున్నాయో అడుగడుగునా చూశారు. గ్రానైట్ నేలలో పైన మొరం, దాని కింద పగుళ్ల రాయి, ఆ కింద గట్టి బండ. మొరం నీళ్లు దాచుకుంటుంది, పగుళ్లు వాటిని బోరులోకి తెస్తాయి. మహేశ్వరంలో నీళ్లు బాగా పారే పగుళ్లు 42 మీటర్ల లోపే ఉన్నాయని తేలింది. అంటే 140 అడుగులు కూడా కాదు. అక్కడక్కడా లోతులోనూ పగులు తగలొచ్చు గానీ, అది లాటరీ. ఇదే గ్రానైట్ మీద జనగామ రైతు 500 అడుగులు దాటించి పోయిస్తున్నాడు.

మహేశ్వరం జవాబును ఎత్తుకొచ్చి వరంగల్‌లో దించడం కుదరదు. పాత వరంగల్ జిల్లాను మించిన చిత్రమైన నేల ఇంకెక్కడుంది? జనగామ, హనుమకొండ వైపు గ్రానైట్. నర్సంపేట దాటి పాకాల చెరువు దిక్కు పోతే అంతకంటే వేరే పురాతన శిలలు, పాకాల పేరుతోనే శాస్త్రవేత్తలు పిలుచుకునేవి. ములుగు, భూపాలపల్లి చేరేసరికి గోదావరి లోయ ఇసుకరాయి, దాని పొరల్లో బొగ్గు. రెండు గంటల బస్సు ప్రయాణంలో మూడు రకాల నేలలు. ఒక్కోదానిలో నీటి నడక వేరు. పక్క మండలం బోరు ఈ మండలానికి సాక్ష్యం కాదు. ఆ మాటకొస్తే పక్క చేను బోరు కూడా అన్నిసార్లూ కాదు. అందుకే ఇక్కడ పదిమంది శాస్త్రవేత్తలు పది చోట్ల చేసే గొప్ప ప్రయోగం సరిపోదు. లక్షల చోట్ల చిన్న చిన్న కొలతలు కావాలి.

ఆ లక్షల కొలతలు ఇప్పటికే జరిగిపోయాయి.

బోరు బండి వచ్చిన రాత్రి చేను దగ్గర నిలబడినవాళ్లకు ఇది తెలుసు. తమిళనాడు తిరుచెంగోడు నుంచి వచ్చిన రిగ్గు లారీ ఒకటి, రాడ్లు మోసే లారీ ఇంకొకటి. కంప్రెసర్ మొదలైతే పక్కవాడి మాట వినపడదు. ముందు ఎర్రమట్టి వస్తుంది, తర్వాత మొరం, ఆ తర్వాత దుమ్ము తెల్లబడుతుంది. తెల్లబడిందంటే బండ తగిలినట్టే, పైమట్టి బోరులోకి కూలకుండా దించే గొట్టాన్ని, అంటే కేసింగ్‌ను, అక్కడికి ఆపుతారు. అక్కణ్నుంచి 20 అడుగుల రాడ్డు ఒకటి దిగాక ఇంకొకటి. దుమ్ము తడిసి ముద్దలుగా పడితే అందరి ముఖాల్లో వెలుగు. మళ్లీ పొడిదుమ్ము లేస్తే, ఇంకో రెండు రాడ్లు వేయమంటావా అన్నా అని డ్రిల్లర్ అడుగుతాడు. అంతదాకా వచ్చాక వద్దనగలిగే రైతు తక్కువ. లోతుకు పోయేకొద్దీ అడుగు రేటు పెరుగుతుందని తెలిసీ తలూపుతాడు.

పొద్దున బండి పోయేముందు బిల్లు రాసిస్తారు. దాని మీద రెండు అంకెలుంటాయి: మొత్తం ఎన్ని అడుగులు, కేసింగ్ ఎన్ని అడుగులు. పట్టాదారు పాస్‌బుక్‌తో పాటు ప్లాస్టిక్ కవర్లో దాచుకునే ఆ బిల్లులో ఎంత శాస్త్రం ఉందో రైతుకు ఎవరూ చెప్పరు. కేసింగ్ ఎన్ని అడుగులు పడిందంటే మొరం దాదాపు అంత మందం ఉందని. నీళ్లు దాచుకునే పొర మందం అదే. దానికి తోడు నీళ్లు ఏ రాడ్డు దగ్గర తగిలాయి, ఎన్ని ఇంచులు వచ్చాయి, అసలు రాలేదా అన్నది రాస్తే, మహేశ్వరంలో చేసిన పనిలో సగం వివరం ఆ చేనులోనే దొరికినట్టు. రాష్ట్రంలో వ్యవసాయ విద్యుత్ కనెక్షన్లు 27 లక్షలు దాటాయి. ఇది బతికున్న బోర్లు, బావుల లెక్క. చచ్చినవి దీనికి అదనం, అవెన్నో చెప్పే రిజిస్టర్ లేదు. దక్కన్ పీఠభూమిలో ఇంత పెద్ద భూగర్భ అన్వేషణ ఏ ప్రభుత్వమూ ఇప్పటిదాకా చేయలేదు, ఇక ముందు చేయగలదనీ లేదు. దీని ఖర్చంతా రైతే పెట్టుకున్నాడు, నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చి. ఫలితం మాత్రం దుమ్ములో కలిసింది.

దీని పక్కన సింగరేణిని పెట్టి చూడండి. 1871లో విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు గుర్తించినప్పటి నుంచి గోదావరి లోయలో బొగ్గు కోసం వేసిన రంధ్రాలకు లెక్క ఉంది. లోపలి నుంచి తీసిన రాతి కడ్డీని పెట్టెల్లో వరుసగా పేర్చి, ఏ లోతుదో రాసి దాచుతారు. భూపాలపల్లిలో బొగ్గు కోసం వేసిన బోరుకు రికార్డు, పక్కూళ్లో నీళ్ల కోసం వేసిన బోరుకు లేదు. ఏది అమ్ముడుపోతుందో దాని గురించే తెలుసుకుంటాం. మన దగ్గర భూశాస్త్రం గతి మొదటి నుంచీ ఇంతే.

ఇది కొత్తగా కనిపెట్టాల్సిన పద్ధతేమీ కాదు. బ్రిటన్‌లో నీటి కోసం 15 మీటర్లు దాటి తవ్వితే ఆ వివరాలు జియలాజికల్ సర్వేకు పంపాలని చట్టం. పది లక్షలకు పైగా బోరు రికార్డులు అక్కడ ఆన్‌లైన్‌లో ఉన్నాయి. ఫ్రాన్స్‌లో 10 మీటర్లు దాటితే చెప్పి తీరాలి, ఆ ఖజానాను చూసుకునేది మహేశ్వరంలో మనతో పనిచేసిన బీఆర్‌జీఎం సంస్థే. వాళ్లు మన నేల మీద పరిశోధన చేశారు, వాళ్ల అలవాటును మాత్రం మనం నేర్చుకోలేదు. మనకూ 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది. రిగ్గులకు రిజిస్ట్రేషన్, బోరుకు అనుమతి అందులో ఉన్నవే. ఆ చట్టం ఊళ్లో ఎంత నడుస్తుందో అందరికీ తెలుసు కాబట్టి ఆగుతాను.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. కేంద్ర భూగర్భ జల మండలి 2012 నుంచి భూమిలోని నీటి పొరల పటాలు గీస్తోంది, రాష్ట్ర భూగర్భ జల శాఖకు నీటిమట్టం కొలిచేందుకే వేసిన బోర్లు, అంటే పీజోమీటర్లు, 1,700కు పైగా ఉన్నాయి, మళ్లీ ఇదెందుకని అధికారులంటారు. పీజోమీటర్లు మంచివే, వాటిలో తమంతట తాము కొలుచుకునేవీ ఉన్నాయి. కానీ 27 లక్షలకు 1,700 అంటే ఎంత దూరదూరంగా ఉన్నట్టు? రైతుల భయం ఇంకోటి. ఇవాళ బోరు లెక్క రాస్తారు, రేపు మోటారుకు మీటరు పెడతారు అని. ఆ భయం అర్థం లేనిదని నేననను. అందుకే బాధ్యత రైతు మీద కాకుండా రిగ్గు యజమాని మీద పెట్టాలి, రైతు పేరు లేకుండా స్థలం, లోతు, కేసింగ్, నీళ్లు మాత్రమే బయటపెట్టాలి, కరెంటు కనెక్షన్‌తో దీనికి లింకు ఉండదని చట్టంలోనే రాయాలి. డ్రిల్లర్లు దొంగ లెక్కలు రాస్తారంటే కొందరు రాస్తారు. వందల బోర్లున్న మండలంలో నాలుగు దొంగ లెక్కలు ఇట్టే బయటపడతాయి.

అసలు అడ్డంకి అధికారులూ కాదు, రైతులూ కాదు. చదువులో ఉంది. కాకతీయ యూనివర్సిటీతో సహా మన రాష్ట్ర విశ్వవిద్యాలయాలు ఖాళీ పోస్టులతో, కాంట్రాక్టు అధ్యాపకులతో ఈడుస్తున్నాయి. పీహెచ్‌డీ అంటే ఉద్యోగానికి పాయింట్లు. ఏ విద్యార్థీ తన మండలం మీద పరిశోధన చేస్తానని ధైర్యంగా అనడు, అంటే దాన్ని చిన్న టాపిక్ అంటారు. వరంగల్‌లో పుట్టిన పిల్లవాడు అంటార్కిటికా మంచు మీద వ్యాసం రాస్తే ఊళ్లో సన్మానం. తన తండ్రి పోయించిన మూడు బోర్ల మీద రాస్తే గైడే ఒప్పుకోడు. పరిశోధన ఎక్కడో జరిగి ఇంగ్లిష్‌లో మన దగ్గరికి వస్తుందని, మనం చేయాల్సింది నోట్సు రాసుకోవడమేనని ఎప్పుడో సర్దుకుపోయాం. 2019 నాటి ఆ వ్యాసం జనగామలో పుట్టాల్సింది. ఎండిన బావిని రోజూ చూసేది ఇక్కడి పిల్లలే కదా.

2025లో కొత్తగూడెం మైనింగ్ కాలేజీని మన్మోహన్ సింగ్ పేరిట ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీగా మార్చారు. దేశంలోనే మొదటిదని చెప్పుకున్నారు. సింగరేణి హెడ్డాఫీసు ఉన్న ఊరు కాబట్టి అది మళ్లీ బొగ్గు ఉద్యోగాల కాలేజీగానే మిగిలిపోతుందన్నది నా అనుమానం. అలా కాకూడదనుకుంటే మొదటి బ్యాచ్‌కు ఇవ్వాల్సిన ఫీల్డ్ వర్క్ ఇది: ఒక్కొక్కరికి ఒక ఊరు. సెలవుల్లో పోయి, ప్లాస్టిక్ కవర్లలో ఉన్న బోరు బిల్లులు ఫోన్‌లో ఫొటో తీసుకోవాలి. బిల్లు లేనిచోట రైతునే అడగాలి. కేసింగ్ ఎంత పడిందో ఏ రైతూ మరచిపోడు, దాని ఖర్చు అలాంటిది. ఎండిన బోరు మీద రాయి పెట్టి మూసిన చోట నిలబడి లొకేషన్ నొక్కాలి. రిగ్గు యజమానుల పాత బిల్లు పుస్తకాలు కూడా అడిగితే ఇచ్చేవాళ్లు ఇస్తారు. ఆ పటం తెలుగులో అచ్చువేసి పంచాయతీ ఆఫీసులో అంటించాలి, ఏ దిక్కున మొరం ఎంత మందం, ఏ లోతు దాటాక ఎవరికీ నీళ్లు పడలేదు అని.

అది లేకనే ఇవాళ రైతు కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని తిరిగే మనిషి చేత బోరు ఎక్కడ వేయాలో పాయింట్ పెట్టించుకుంటున్నాడు. అది మూఢనమ్మకమని నవ్వే హక్కు, ఆ పటం చేతిలో పెట్టాకే మనకు వస్తుంది.