స్విట్జర్లాండు, వయా ఇస్కపల్లి

మా బావగారు నెల్లూరు మాగుంట లేఔట్‌లో కొత్త ఇల్లు కట్టి, హాల్లో సోఫాకు ఎదురుగా ఒక నీటిరంగుల చిత్రం పెట్టించారు. మంచు కప్పిన కొండ, గడ్డకట్టిన చెరువు, వాలు కప్పు ఇల్లు, ఆ వెనక నాలుగు చెట్లు. గృహప్రవేశం రోహిణి కార్తెలో, రోళ్లు పగిలే ఎండలో జరిగింది. వచ్చినవాళ్లంతా ఆ బొమ్మ ముందు నిలబడి "అబ్బ, ఎంత చల్లగా ఉంది!" అన్నారు. ఒక పెద్దాయన కండువాను చెవులకు చుట్టుకున్నారు. కళాశక్తికి ఇంతకంటే రుజువేం కావాలి? బొమ్మకు సరిగ్గా పైన ఏసీ ఉన్న మాట నిజమే కానీ, విమర్శకుడన్నవాడు అలాంటి చిల్లర వివరాల జోలికి పోకూడదు.

బావగారిది రొయ్యల సాగు. ఆయన బొమ్మను చూసే తీరు వేరు. గడ్డకట్టిన చెరువును చూపించి, "పట్టుబడి అయ్యాక ఎండగట్టిన గుంట" అన్నారు. చెట్లను చూసి, "సరుగుడు. నరకడానికి ఇంకో ఏడాది ఆగాలి" అని తేల్చారు. అవి పైన్ వృక్షాలని నేను కాస్త పాండిత్యం కలిపి సవరించాను. సవరించకుండా ఉండాల్సింది.

ఎందుకంటే చిత్రకారుడు కావలి వైపు ఉండే ఒక రిటైరైన డ్రాయింగు మాస్టారు. జిల్లా దాటితే ఆయన పేరు తెలిసినవారు లేరు, జిల్లాలోనూ పెద్దగా లేరు. జన్మలో మంచు చూడలేదు. ఆయన చూసిన అతి శీతల ప్రదేశం చేపల రేవులో ఐసు దంచే మర. ఆంధ్రా కాశ్మీరమని పేరున్న లంబసింగికైనా వెళ్లివచ్చారా అని అడిగితే, బస్సు పడదన్నారు. పైన్ చెట్టును కూడా ఆయన ఎరగరు. సముద్రపు ఒడ్డున ఉన్న సరుగుడు తోపును చూసి వేశారు. బావగారి చూపు గురి తప్పలేదు.

బేరం దగ్గర నేనూ ఉన్నాను. "మాస్టారూ, కాగితంలో ముప్పావు వంతు ఖాళీగానే వదిలేశారు. రంగు పడ్డ మేరకు లెక్కగట్టి ఇస్తాను" అన్నారు బావగారు, అంకణాల లెక్కన స్థలం కొనే ధోరణిలో. మాస్టారు ఓపికగా చెప్పారు. నీటిరంగుల్లో తెలుపును పూయరట, కాపాడతారట. కాగితపు తెలుపే మంచు. ఒక్కసారి రంగు తగిలితే ఆ తెలుపు మళ్లీ రాదు. అంటే కష్టమంతా వేయడంలో కాదు, వేయకుండా చేతిని ఆపుకోవడంలో ఉంది. చేయని పనికి బిల్లు పెట్టే విద్య మన జిల్లాకు కొత్త కాదు. చేయకపోవడం వల్ల అందం వచ్చిన పనిని మాత్రం నేను ఇదే మొదటిసారి చూడటం.

తర్వాత మా అక్కయ్య అందుకుంది. "మంచు తెల్లగా ఉండాలి కదా, ఈ నీలం ఏమిటి?" ఆ సందేహం పారిస్‌లో పెద్దపెద్దవాళ్లకే వచ్చింది. 1868–69 చలికాలంలో ఫ్రెంచి చిత్రకారుడు క్లోద్ మోనే మంచు మీద కంచె నీడను నీలంగా వేసి, ఆ కంచె మీద ఒక పిట్టను కూర్చోబెట్టి సలాన్‌కు, అంటే అక్కడి అధికారిక చిత్రప్రదర్శనకు పంపితే, 1869లో అక్కడి న్యాయనిర్ణేతలు కాదు పొమ్మన్నారు. ఇప్పుడది అదే పారిస్‌లో ఓర్సే మ్యూజియంలో ఉంది. అది తైలవర్ణ చిత్రమే అనుకోండి, నీడకు నూనె, నీళ్ల తేడా ఏముంది? ఎండ పడని చోట మంచుకు వెలుగునిచ్చేది ఆకాశం కాబట్టి నీడ నీలమవుతుంది. ఆ పెద్దమనుషులు ఖద్దరు చొక్కాలు ఉతికే చాకలిని అడిగి ఉంటే ఒక్క ముక్కలో తేలిపోయేది: నీలిమందు లేనిదే తెలుపు తెల్లగా కనిపించదు.

ఇక బొమ్మలో రాలే మంచు తునకల సంగతి. తడి రంగు మీద ఉప్పు గళ్లు చల్లితే, ఒక్కో గల్లు చుట్టూ ఉన్న నీటిని లాగి, ఆరాక లేత నక్షత్రంలాంటి మచ్చను వదులుతుంది. ఆ ఉప్పు మన జిల్లా తీరంలోని ఇస్కపల్లిది. కాకపోతే రంగు ఆరేదాకా ఆగాలి, మన దగ్గర అదే చిక్కు. వడగాలికి కుంచె ఎత్తేలోపే పూత ఎండిపోతుంది. కార్తీకంలో ముసురు పట్టిందంటే వారమైనా ఆరదు. అందుకని మాస్టారు ఎండాకాలంలో తెల్లవారుజామున నాలుగింటికి లేచి, బనియనుతో కూర్చుని, చెమట కాగితం మీద పడకుండా భుజాన తువ్వాలు వేసుకుని హిమపాతాన్ని చిత్రించారు.

అసలు మాట ఆయన టీ తాగుతూ చెప్పారు. ఆ బొమ్మ మొదట ఇస్కపల్లి ఉప్పు కొఠార్లే. తెల్లటి కుప్పలు, వాటి నీలి నీడలు, మడుల్లో నీళ్లు, దూరంగా సరుగుడు. కొన్నేళ్లు అలాగే గోడకు ఉంది. చూసినవాళ్లంతా "ఉప్పా?" అని వెళ్లిపోయారు. చివరికి ఆయన ఒక మూల వాలు కప్పు ఇల్లు కట్టి, పొగగొట్టం పెట్టి, అట్ట వెనక 'శీతకాలం' అని రాశారు. వారంలో అమ్ముడుపోయింది.

ఇందులో బావగారి తప్పేమీ లేదు. మన తెలుపు మనకు ఆనదు. సైదాపురం తెల్లరాయి లారీలెక్కి పోతుంటే దుమ్ము తుడుచుకుంటాం. 2022లో జిల్లాలను విడగొట్టినప్పుడు చిల్లకూరు తెల్ల ఇసుక, పులికాట్ కొంగలు తిరుపతి జిల్లాకు, చినగంజాం ఉప్పు బాపట్ల జిల్లాకు వెళ్లిపోయాయి. ఎవరైనా కంటతడి పెట్టారా? అదే బావగారి గోడ మీది కొండను పక్క జిల్లాకు ఇస్తామంటే ధర్నా జరుగుతుంది.

గృహప్రవేశానికి వచ్చిన ఒంగోలు బంధువు ఒకాయన బొమ్మను చూసి మనసు పారేసుకున్నారు. తనకూ ఒకటి కావాలి, అయితే మంచులో ఒంగోలు గిత్త నిలబడి ఉండాలన్నారు. మాస్టారు ధర చెప్పారు. ఆయన కాసేపు లెక్క వేసుకుని అడిగారు.

"మంచూ తెలుపే, గిత్తా తెలుపే. ఇక మీరు వేసేదేముంది?"

"కొమ్ములు ఉన్నాయి కదండీ" అన్నారు మాస్టారు. "మూపురం దగ్గర కాస్త బూడిదరంగు కూడా పడుతుంది."