కుట్లు విప్పాక

పోయినేడు మన సంఘం వాట్సాప్‌లో ఒక పాప ఆపరేషన్‌కి సాయం అడిగితే రెండు రోజుల్లో డబ్బు పోగైంది. ఆపరేషన్ బాగా జరిగిందని తెలియగానే దణ్ణాల బొమ్మలు వరసగా పడ్డాయి. ఆ తర్వాత ఆ పాప ఊసు ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. అది నన్ను ఇప్పటికీ తొలుస్తోంది, ఎందుకంటే ఆ తర్వాతి నెలలు ఎలా ఉంటాయో మా ఇంట్లోనే చూశాను.

మాది పర్లాకిమిడి. 1936లో ఊరు ఒడిశాలోకి వెళ్ళినా మా వీధిలో మాట తెలుగే. మా పిన్ని కొడుకు, నాకు తమ్ముడు, అక్కడే బట్టల కొట్టులో గుమాస్తా. వాడి కూతురికి నాలుగేళ్ళప్పుడు, స్నానం చేయిస్తుంటే తల్లి చేతికి పొట్టలో గట్టిగా ఏదో తగిలింది. విల్మ్స్ కణితి, చిన్నపిల్లల్లో కిడ్నీకి వచ్చే క్యాన్సర్. విశాఖలో ముందు కీమో ఇచ్చి, కణితి తగ్గాక ఎడమ కిడ్నీ తీసేశారు. వైద్యం పూర్తిగా అందితే ఈ జబ్బు నుంచి ఎక్కువమంది పిల్లలు బయటపడతారు. ఆ పూర్తిగా అన్నచోటే మనవాళ్ళు అలిసిపోతారు. ఆపరేషన్ అయ్యాక కూడా నెలల తరబడి కీమో, ఆ పైన ఏళ్ళపాటు స్కాన్లు.

ఇంటికి రాగానే మొదలైంది పథ్యం గొడవ. పప్పు తింటే కుట్లు చీము పడతాయనీ, గుడ్డు వేడి చేస్తుందనీ పిన్ని చారన్నమే పెట్టించింది. గాయం మానాలంటే, కీమో తట్టుకోవాలంటే గుడ్డు, పప్పు, చేప కావాలని ఆస్పత్రిలో చెప్పి పంపారు. అత్తగారి మాట కాదనలేక, డాక్టరు మాట మీరలేక మా మరదలు వంటింట్లో ఏడ్చేది. నేను ఫోన్‌లో చెబితే, "నీ పురుళ్ళకి పథ్యం పెట్టింది నేను కాదుటే?" అంది పిన్ని. నా దగ్గర జవాబు లేదు. చివరికి వార్డులో పరిచయమైన రాయగడ తల్లి ఒకావిడ ఫోన్ చేసి, "పెద్దమ్మా, మా బాబుకి రోజూ గుడ్డు పెట్టాను, కుట్లు చక్కగా మానాయి" అంటే, ఆ మర్నాడే పొయ్యి మీద గుడ్డు ఉడికింది. అలాంటి ఒక్క ఫోను విలువ మన చందాల కన్నా తక్కువని నేను అనుకోను.

కీమోలో తెల్లకణాలు పడిపోయిన రోజుల్లో జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ (100.4 ఫారెన్‌హీట్) దాటితే ఆగడానికి లేదు, వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. ఒక రాత్రి దగ్గరి ఆస్పత్రిలో కాగితాలు చూడకుండానే సిరప్ రాసిచ్చారు. తమ్ముడు అప్పటికప్పుడు కారు మాట్లాడుకుని తెల్లారేసరికి విశాఖ చేరాడు. ఆంధ్రలో వైద్యం, ఒడిశా రేషన్ కార్డు, కాబట్టి ఆంధ్ర ప్రభుత్వ ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) వర్తించదు. 2025లో ఒడిశా, వేరే రాష్ట్రాల్లోనూ చెల్లే కేంద్ర వైద్య పథకం ఆయుష్మాన్ భారత్‌లో చేరింది, మంచిదే. అయినా కారు బాడుగ, గది అద్దె, పోయిన జీతం ఏ కార్డులోనూ ఉండవు. వైద్యానికి వెళ్ళే క్యాన్సర్ రోగికి రైల్లో స్లీపర్, థర్డ్ ఏసీ టికెట్ ఉచితం, తోడు వెళ్ళేవారికి 75 శాతం రాయితీ. ఈ సంగతి తమ్ముడికి ఆరు నెలల తర్వాత తెలిసింది.

ఇక పాప అన్న. తొమ్మిదేళ్ళవాడు, ఏడాదిపాటు నాయనమ్మ దగ్గరే. బడిలో లెక్కలు వదిలేశాడు, రాత్రుళ్ళు పక్క తడిపేవాడు. చెల్లి జబ్బు తనకీ అంటుకుంటుందా అని ఎవరినీ అడగలేక లోపలే దాచుకున్నాడు. వాడితో కూర్చుని మాట్లాడాలని మాలో ఎవరికీ తోచలేదు.

అందుకే అడుగుతున్నాను. సంఘం ఇచ్చే సాయంలో సగం ఆపరేషన్ తర్వాతి ఏడాదికి, నెలనెలా వెళ్ళేలా పెట్టండి. డిశ్చార్జ్ కాగితాల్లోని ముఖ్యమైన సంగతులు ఒక్క పేజీలో తెలుగులో, ఒడియాలో రాయించి ఇవ్వండి. వాటిలో జ్వరం వస్తే ఏం చేయాలో, ఒక్క కిడ్నీ ఉన్న పిల్లకి డాక్టర్ని అడగకుండా ఏ నొప్పి మాత్రలూ వేయకూడదనీ ఉండాలి. నెలకోసారి ఫోన్ చేసే మనిషి ఒకరుండాలి. పర్లాకిమిడి, గుణుపురం వైపు ఫోన్లు నేను చేస్తాను.

మేనకోడలికి వచ్చే నెల స్కాన్. గుణుపురం నుంచి వచ్చే విశాఖ ప్యాసింజర్‌లో వెళ్తారు. ఈసారి అన్నని కూడా వెంట తీసుకెళ్తామని మరదలు చెప్పింది.