టాక్ కూడా కొంటారా?

మొదటి ఆట పడటానికి ఇంకా ఒక రాత్రి ఉంది. సినిమా బయటివాళ్లెవరూ చూడలేదు. అయినా ‘బ్లాక్‌బస్టర్’ పోస్టర్ సిద్ధమైపోయింది. సోషల్ మీడియాలో పొగడ్తలు వరుసకట్టాయి. పేర్లు వేరు, ఫొటోలు వేరు, వాక్యం మాత్రం ఒకటే. కొన్నిసార్లు అచ్చుతప్పు కూడా ఒకటే! పెద్ద సినిమా వస్తోందంటే చాలు, ఈమధ్య ఇదే వరస.

ఆ రాత్రి టికెట్ బుక్ చేద్దామని ఫోన్ పట్టుకున్న మనిషిని ఒకసారి దగ్గరగా చూడండి. సీట్ల పటంలో ఖాళీ గడులు ఒక్కొక్కటే రంగు మారుతుంటాయి. ‘త్వరగా నిండుతోంది’ అన్న హెచ్చరిక పక్కనే ఉంటుంది. పక్కపక్కన ఉన్న నాలుగు సీట్లు కాస్తా పోతాయేమోనని టెన్షన్. వేలు నొక్కేస్తుంది, డబ్బు కట్ అవుతుంది. సినిమా ఎలా ఉందట అన్న ప్రశ్న ఆ కంగారులో నోటిదాకా రానే రాదు. వచ్చినా జవాబు చెప్పేవాళ్లు లేరు.

పెట్టుబడి పెట్టినవారు తమ సినిమా గురించి చాటుకుంటారు, అందులో తప్పేముంది, ఎవరినీ చెయ్యిపట్టి థియేటర్‌కు లాక్కెళ్లడం లేదు కదా అనే వాదన ఉంది. చాటుకోవడంతో మాకూ పేచీ లేదు. పోస్టర్ చూసినవాడికి అది పోస్టర్ అని తెలుసు. ట్రైలర్ చూసినవాడికి మంచి ముక్కలు ఏరి అతికించారని తెలుసు. చూసొచ్చిన మనిషి మాటలా వేషం వేసుకుని వచ్చే ప్రకటనను మాత్రం అతను పోల్చుకోలేడు. మా కోపమంతా దాని మీదే.

ఒకేసారి వందల థియేటర్లలో సినిమా దించడం ఒకప్పుడు హాలీవుడ్‌లో ఎక్కువగా నాసిరకం సినిమాలకు వాడిన ఎత్తుగడ. బాగాలేదన్న మాట పాకేలోపు అందినకాడికి వసూలు చేసుకోవాలన్నది దాని లెక్క. 1975 జూన్‌లో ‘జాస్’ను 464 థియేటర్లలో విడుదల చేశారు. అంతకుముందు కొన్ని రాత్రుల పాటు టీవీని ప్రకటనలతో ముంచెత్తారు. ఆ ప్రకటనలకే దాదాపు 7 లక్షల డాలర్లు ఖర్చు. సినిమా బాగుంది కాబట్టి నిలబడింది. అదే పద్ధతి పెద్ద సినిమాలన్నింటికీ రాచబాట అయింది. మాట పుట్టేలోపే టికెట్ తెగాలన్న తొందర అప్పటినుంచీ పెరుగుతూనే ఉంది. ఇప్పుడు ఆ తొందర కూడా చాలక, మాటనే తయారుచేసి వదులుతున్నారు.

ఇలా మాటను తయారుచేసి ఒకప్పుడు దొరికిపోయినవారిని లోకం క్షమించలేదు. సోనీకి చెందిన కొలంబియా పిక్చర్స్ ప్రకటనల్లో డేవిడ్ మానింగ్ అనే సమీక్షకుడి పొగడ్తలు వేసుకునేవారు. ఆయన ఒక చిన్న ఊరి వారపత్రికలో రాస్తారని చెప్పారు. పత్రిక నిజంగానే ఉంది, సమీక్షకుడే లేడు. 2001లో న్యూస్‌వీక్ ఈ సంగతి బయటపెట్టింది. సంస్థ ఉద్యోగులే మామూలు ప్రేక్షకుల్లా టీవీ ప్రకటనలో కనిపించి సినిమాను మెచ్చుకున్నారని కూడా ఆ వెంటనే తేలింది. కేసులు పడ్డాయి. 2005లో 15 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది, ఆ సినిమాలు చూసినవారికి టికెట్‌కు 5 డాలర్ల చొప్పున వెనక్కిచ్చేందుకు ఒప్పుకున్నారు. లేని మనిషి మాటను ఉన్న మనిషి మాటగా అమ్మినందుకు ఆ శిక్ష. ఇప్పుడైతే నిజంగా ఉన్న మనుషులే డబ్బుకు దొరుకుతున్నారు. సినిమా చూడకుండానే, ఇచ్చిన వాక్యాన్ని తమ పేరు మీద పెడుతున్నారు. అప్పుడు తప్పయినది ఇప్పుడు ప్యాకేజీ ఎలా అయింది? దీన్ని ఇలాగే వదిలేస్తే రేపు ఏ మాటను నమ్మాలి?

మాట ఒక్కటే కాదు, వసూళ్ల అంకె కూడా అంతే. 2016లో చైనాలో ‘ఇప్ మాన్ 3’ సినిమా పంపిణీ సంస్థ పడని ఆటలను పడినట్టు చూపింది. అలాంటివి 7,600కు పైగా ఉన్నాయని, వాటి పేరిట 3.2 కోట్ల యువాన్ల టికెట్లు అమ్ముడైనట్టు రాసుకున్నారని అక్కడి సినిమా అధికారులు తేల్చారు. పంపిణీ వ్యాపారాన్ని నెలరోజులు ఆపించారు. జనం ఎగబడుతున్నారని చూపిస్తే మరింత జనం వస్తారన్న నమ్మకంతోనే ఇదంతా.

ఆ నమ్మకం వట్టిది కూడా కాదు. 2006లో ‘సైన్స్’ పత్రికలో ఒక ప్రయోగం వచ్చింది. పెద్దగా పేరు లేని 48 పాటలను 14 వేల మందికి పైగా జనం ముందు పెట్టారు. ఏ పాటను ఎంతమంది డౌన్‌లోడ్ చేసుకున్నారో కొందరికి చూపించారు, కొందరికి చూపించలేదు. అంకె కనబడినచోట ముందున్న పాట ఇంకా ముందుకు దూసుకుపోయింది. రెండేళ్ల తర్వాత అదే బృందంలోని ఇద్దరు అంకెలను తలకిందులు చేసి చూపించారు. అడుగున ఉన్న పాటలు అబద్ధపు అంకె బలంతో పైకి లేచాయి. బాగా మంచి పాటలు కొన్ని కాలం గడిచాక తేరుకున్నాయి. కానీ అంకెలు తారుమారు చేసినచోట మొత్తం మీద డౌన్‌లోడ్లే తగ్గిపోయాయి. హైప్ లేకపోతే పరిశ్రమే బతకదని చెప్పేవారు ఈ ఆఖరి సంగతిని రెండుసార్లు చదవాలి. అబద్ధం విన్నవాడు ఆ ఒక్క సినిమాకే కాదు, ఆ తర్వాతి సినిమాకు కూడా దూరమవుతాడు. నష్టపోయేది హైప్ కొనే స్తోమత లేని చిన్న సినిమా. దానికున్న ఆస్తి ప్రేక్షకుడి మంచిమాట ఒక్కటే. దొంగ మాటలు చలామణి అవుతున్న చోట ఆ మంచిమాటను కూడా ‘ఇదీ పెయిడే’ అని తోసేస్తున్నారు.

అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో దొంగ సమీక్షలు కొనడాన్ని, అమ్మడాన్ని నిషేధిస్తూ నిబంధన తెచ్చింది. చేయాలనుకుంటే దారి ఉంది. మరోవైపు విడుదలైన తొలి రోజుల్లో సమీక్షలు ఆపాలని కొందరు నిర్మాతలు అడుగుతున్నారు. టికెట్ కొన్నవాడు బాగాలేదంటే సినిమాను చంపేసినట్టట! చూడనివాడు బాగుందని రాస్తే అది ప్రమోషనట! ఇంత పచ్చి ద్వంద్వనీతిని ఏ మొహం పెట్టుకుని సమర్థించుకుంటారు? ముందు ఆ రోజుల్లో తమ పెయిడ్ పొగడ్తలు ఆపి, ఆ తర్వాత ప్రేక్షకుడి గురించి మాట్లాడాలి. డబ్బు తీసుకుని పొగిడే ప్రతి ఒక్కరూ పోస్టు మొదటి వరుసలోనే ఆ సంగతి రాయాలి. రాయడానికి సిగ్గనిపిస్తే ఆ డబ్బు ముట్టుకోకూడదు.